కింది రెప్ప

ఖాజాగూడ చెరువుకు పడమటి దిక్కున, బండలు ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి కూర్చున్న చోట, జాగీర్దారు తన గుర్రాల గడ్డి దాచడానికి కట్టించిన రాతి గది ఒకటి ఉండేది. ఆ బండలు చాలా మటుకు ఇప్పుడు లేవు. వాటిని పేల్చి, చదును చేసి, అద్దాల మేడలు లేపారు. అప్పుడు, అంటే జాగీర్లు రద్దయిన కొత్తలో, అక్కడ ఈత చెట్లు, సీతాఫలం పొదలు, గాలి తప్ప మరేమీ ఉండేవి కావు. గుర్రాలు పోయాయి. జాగీరు పోయింది. గది మిగిలింది.

గడ్డి తడవకూడదని దానికి కిటికీ పెట్టలేదు. మూడు వైపులా రాతి గోడ, నాలుగో వైపు గుట్టే గోడ. ఒక్కటే తలుపు, టేకు చెక్కది. మనిషి తన బరువంతా పెట్టి తోస్తే తప్ప కదలదు.

ఆ గదిలో కూర్చుని చంద్రమ్మ పిట్టల కళ్లు కుట్టేది.

వినడానికి ఘోరంగా ఉన్నా ఆమెకు అది చేతిపని. వల వేసి పిట్టలు పట్టే ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని. వెలుగు కనబడితే పిట్ట కొట్టుకుంటుంది, అరుస్తుంది, రెక్కలు విరుచుకుంటుంది. కన్ను మూస్తే దానికి రాత్రే. పెట్టిన చోట పెట్టినట్టు ఉంటుంది. సన్నని సూది, ఒంటి పోగు నూలు. కుట్టేది పై రెప్పకు కాదు. మనిషి కన్ను పైనుంచి మూసుకుంటుంది, పిట్ట కన్ను కిందినుంచి. అందుకని రెండు కళ్ల కింది రెప్పలకూ పోగు తొడిగి, కొసలు రెండూ నెత్తి మీదికి లాగి ముడి వేయాలి. రెప్పలు పైకి లేచి అలాగే ఉండిపోతాయి. ముడి వేశాక వంగి మిగిలిన దారాన్ని పంటితో కొరకాలి. ఒక చేతిలో పిట్ట, ఒక చేతిలో ముడి. కత్తి పట్టడానికి మూడో చెయ్యి ఎక్కడిది?

ఈ పని నేర్పిన తల్లి నీలమ్మ, పనితో పాటు రెండు మాటలు చెప్పింది. కుట్టిన చెయ్యే మళ్లీ దారం కోయాలని ఒకటి. ఎన్ని పిట్టలు పట్టినా ఆఖరుదాని కన్ను కుట్టకుండా వదిలేయాలని ఇంకొకటి. దాన్ని విడుపు పిట్ట అనేవాళ్లు. ఎందుకు వదలాలని చిన్నప్పుడు చంద్రమ్మ అడిగితే, "అన్నిట్ల చూసేది ఒకటుండాలె" అంది నీలమ్మ. లేకపోతే ఏమవుతుందో చెప్పలేదు. చంద్రమ్మ అడగలేదు.

జాగీర్దారు ఉన్నప్పుడు ఆయన ఏడాదికి రెండుసార్లు షికారుకు వచ్చేవాడు. మిగతా రోజుల్లో చెరువు మీద ఎవరూ తుపాకి పేల్చకూడదు. ఆయన పోయాక అడిగేవాడు లేడు. అప్పుడు దిగాడు వీరేశం. పట్నంలో డేరాలు కిరాయికి ఇచ్చే మనిషి. సికింద్రాబాదు నుంచి, మద్రాసు నుంచి, బొంబాయి నుంచి మోటార్లలో దొరలను తెచ్చి, చెరువు గట్టున డేరాలు వేసి, వంటవాళ్లను పెట్టి, షికారు చేయించి పంపేవాడు. మొదటి చలికాలం చెరువు బాతులతో నల్లగా ఉండింది. తుపాకి పేలితే ఆకాశం కదిలినట్టు లేచేవి. పిల్లలు పొద్దుటే పోయి నీళ్ల మీద తేలే ఈకలు ఏరుకునేవాళ్లు. బండల అవతలి బీడులో బట్టమేక పిట్ట, మనిషి నడుమంత ఎత్తుది, కడసారి కనిపించింది కూడా ఆ ఏడే. బొంబాయి దొర ఒకాయన దాన్ని కొట్టి, కాళ్లు పట్టి ఎత్తి, ఫోటో దిగి పోయాడు.

రెండో చలికాలం బాతులు రాలేదు. దొరలు నడుముల లోతు నీళ్లలో తెల్లవార్లూ నిలబడి, తడిసిన ప్యాంట్లతో వచ్చి వీరేశం మీద అరిచారు.

వీరేశానికి ఉపాయం తట్టింది. చంద్రమ్మ పెనిమిటి పెంటయ్య కౌజు పిట్టలను వల వేసి పట్టడంలో దిట్ట. అతను ఎక్కడెక్కడి నుంచో పిట్టలను పట్టి తేవాలి. చంద్రమ్మ కళ్లు కుట్టాలి. షికారుకు కాస్త ముందు వాటిని గంపల్లో మోసుకుపోయి, దారాలు కోసి, పొదల్లో వదలాలి. కన్ను తెరుచుకున్న పిట్ట వెలుగుకు బిత్తరపోయి కాసేపు అక్కడే కూర్చుంటుంది. అంతలో కూలీలు డబ్బాలు కొట్టుకుంటూ వస్తారు. పిట్ట లేస్తుంది. దొర కొడతాడు. ఇక్కడ పిట్టలకు కొదవ లేదని పట్నం పోయి నలుగురికీ చెబుతాడు. ఆ నలుగురూ వస్తారు.

మొదట్లో పెంటయ్య పొద్దున పోయి మాపటికి వచ్చేవాడు. తర్వాత మియాపూర్ అడవి దాకా పోవలసి వచ్చింది. ఆ తర్వాత జీడిమెట్ల. ఇప్పుడు వెళ్తే నాలుగు రోజులు. "ఇంకొన్నాళ్లకు నాయన బొంబాయికి పోయి పిట్టల్ని తెస్తడు, బొంబాయి దొరలు ఈడికొచ్చి వాటిని కొడతరు" అని నవ్వేది కూతురు భూలక్ష్మి.

భూలక్ష్మికి పదహారేళ్లు. దాని కళ్లు ఎంత చురుకైనవంటే, గుట్ట మీద కూర్చుంటే చెరువు అవతలి గట్టున ఉన్న పిట్ట ఆడదో మగదో చెప్పేది. చంద్రమ్మ దాని చేతికి ఎన్నడూ సూది ఇవ్వలేదు. ఈ పని తనతో పోవాలని ఆమె కోరిక. ఆ పిల్ల ఆ సూదికీ, ఆ డేరాలకూ దూరంగా ఉంటే చాలు, ఇంకేమీ వద్దనుకునేది.

ఆ రోజు మధ్యాహ్నం వీరేశం వచ్చి, సాయంత్రం షికారుకు పెద్దవాళ్లు వచ్చారని, నాలుగు గంపలూ సిద్ధం కావాలని చెప్పాడు. అరవై పిట్టలు. పెంటయ్య ఆ ముందు రోజే తెచ్చి దించి, మళ్లీ వలతో వెళ్లిపోయాడు. చంద్రమ్మ ఎప్పటిలాగే ఒకటి తక్కువ వస్తుందని, ఆఖరుది విడుపు పిట్ట అని గుర్తు చేసింది. వీరేశం ఒప్పుకోలేదు. దొరల ముందు అరవై అన్నాడట. అరవై అంటే అరవై. లేదంటే పిట్టకు బదులు బిడ్డను డేరాల కాడికి పంపు, గ్లాసులు అందిస్తది, దొరలకు గదీ సంతోషమే అని నవ్వాడు.

అరవై కుడతానని చంద్రమ్మ తల ఊపింది. రేపు రెండు వదులుతాలే అనుకుంది మనసులో.

పిట్టలను అందించడానికి రెండో మనిషి కావాలి. పైగా డేరాల నిండా కొత్తవాళ్లు ఉన్నప్పుడు పిల్లను గుడిసెలో ఒంటరిగా వదలడం ఆమెకు ఇష్టం లేదు. తన కళ్ల ముందు ఉంటే మేలని భూలక్ష్మిని గదిలోకి వెంట తీసుకుపోయింది.

వీరేశం బయటినుంచి తాళం వేశాడు. దొరలెవరైనా ఇటు తిరుగుతూ వచ్చి గంపలు చూస్తే వ్యాపారం మునుగుతుంది. తలుపు సందుల్లో గోనెసంచులు కుక్కాడు. సప్పుడు చేయొద్దు, మాట బయటికి రావద్దు అన్నాడు. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నానని తలుపు అవతలి నుంచే చెప్పాడు. ఈ గదిలో గుర్రాలవాడొకడు చచ్చాడని, మిట్టమధ్యాహ్నం లోపలి నుంచి ఏడుస్తాడని దొరలకు కథ చెప్పాడట. ఒక్కడూ దగ్గరికి రాడు.

అతని అడుగులు దిగిపోయాక భూలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

"అయితే ఇయ్యాల మనమే దయ్యాలమన్నట్టు" అంది గుసగుసగా.

పని మొదలైంది. కందిలి వెలుగులో తల్లి గోడకు ఆనుకొని కూర్చుంది. కుడి పక్క కూతురు, దాని ముందు కుట్టని పిట్టల గంపలు. ఎడమ పక్క కుట్టినవాటి గంపలు. గదిలో పాత గడ్డి వాసన, రెట్ట వాసన, గాసునూనె పొగ. గంపల్లో పిట్టల గోళ్లు బుట్ట అల్లికను గీకుతున్నాయి. ఉండి ఉండి ఒకటి గొంతు విప్పబోయి ఆగిపోతోంది. భూలక్ష్మి పిట్టను అందించినప్పుడల్లా చేతి గాజులు గలగలమంటున్నాయి. సూది, పోగు, ముడి, పన్ను. సూది, పోగు, ముడి, పన్ను.

ఒక గంప అయింది. ఆ మూల సద్దుమణిగింది. రెండో గంప అయింది. గదిలో సగం నిశ్శబ్దం. చంద్రమ్మకు ఇది అలవాటే. అయినా ఆ రోజు ఆ నిశ్శబ్దం వీపు వెనక ఎవరో వచ్చి కూర్చున్నట్టు ఉంది.

మూడో గంప నడుమ భూలక్ష్మి చెయ్యి ఆగింది.

"అవ్వా, ఇవి గిట్ల మూసిన కండ్లతోని ఏం చూస్తయే లోపల?"

చంద్రమ్మ వంగి దారం కొరికింది.

"ఇయ్యాల విడుపు పిట్టను గూడ కుడతవా? అమ్మమ్మ వద్దన్నది గదా."

"నోరు మూసుకొని అందియ్యి" అంది చంద్రమ్మ. గొంతు అనుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది. ఎవరి కోసం కుడుతున్నదో చెప్పలేకపోయింది. పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. ఆ తర్వాత మాట్లాడలేదు.

నాలుగో గంపలో ఆరు పిట్టలున్నాయనగా కందిలి మినుకుమంది. కొంచెం పనే కదా అని తక్కువ నూనె పోసింది ఆమె. వత్తి ఎర్రబడింది. ఒక్కసారి పైకి లేచి, ఆరిపోయింది.

అలాంటి చీకటి బయట ఎక్కడా ఉండదు. అమావాస్యకు కూడా ఆకాశమని ఒకటి ఉంటుంది. ఇక్కడ కళ్లు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. చంద్రమ్మ తన చెయ్యి ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. లేదు. చెయ్యి లేదు.

తలుపు కొట్టవచ్చు. కొడితే దొరలు వింటారు. గంపలు బయటపడతాయి. ఆరు పిట్టలు తక్కువైతే వీరేశం అన్న మాట అన్నట్టే చేస్తాడు. ఆమెకు చీకట్లో కుట్టడం వచ్చు. నీలమ్మ కళ్లకు గుడ్డ కట్టి నేర్పింది ఆ పని.

"ఇయ్యి బిడ్డా" అంది మెల్లగా, కుడి వైపు అరచెయ్యి చాపి.

ఒక పిట్ట వచ్చి అరచేతిలో కూర్చుంది.

కుట్టింది. కొరికింది. ఎడమ గంపలో వేసింది. చెయ్యి చాపింది.

"ఇంకోటి."

వచ్చింది.

పిల్ల అలిగినట్టుంది, మాట లేదు. పోనీ, బయటికి పోయాక బుజ్జగిస్తాననుకుంది. ఇంకోటి. ఇంకోటి. బొటనవేలి కింద పిట్ట గుండె టకటక కొట్టుకుంటోంది. రెప్ప దొరుకుతోంది. సూది దిగుతోంది. ఎన్నయ్యాయి? ఆరు. ఆరు అయినట్టే. చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

అరచేతిలో ఇంకొకటి వచ్చింది.

లెక్క తప్పానేమో అనుకుంది. కుట్టింది. మరొకటి వచ్చింది. ఇది కాస్త బరువుగా ఉంది. గింజుకోవడం లేదు. దీని గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది... పిట్ట గుండె అంత నెమ్మదిగా కొట్టుకోదు. తర్వాతిది ఇంకా బరువు. తర్వాతిది చల్లగా ఉంది.

"ఇంకెన్నున్నయే?" అంది.

జవాబు లేదు. గోళ్ల గీకుడు లేదు. కందిలి ఆరాక గాజుల చప్పుడు ఒక్కసారి కూడా వినలేదని అప్పుడు తట్టింది ఆమెకు. తట్టింది కాని చేతులు ఆగలేదు. ముప్పై ఏళ్లుగా ఆ చేతులకు అదే పని. ఒడిలోకి ఏదో వచ్చింది. అరచేతిలో పట్టలేదు. రెండు చేతుల మధ్య నిమ్మళంగా ఒదిగింది. వేలు తనంతట తానే కన్ను వెతికింది. కింది రెప్ప దొరికింది. సూది దిగింది. రెండో కన్ను. సూది దిగింది. పోగు పైకి లాగి ముడి వేసింది. దారం కొరకడానికి వంగింది.

పెదవులకు ఈక తగలలేదు.

మెత్తటి చర్మం తగిలింది. దాని అంచున వెంట్రుకలు... సన్నగా, బారుగా. పిట్టకు రెప్ప వెంట్రుకలు ఉండవు.

ముక్కుకు ఆముదం వాసన తగిలింది. పొద్దున తన చేత్తో పిల్ల తలకు అంటిన ఆముదం.

"బిడ్డా..." అంది. అది మాట కాలేదు, గాలి అయింది.

"ఏందే అవ్వా?"

భూలక్ష్మి గొంతు. దగ్గరి నుంచి కాదు. గదికి ఆ కొస నుంచి... తలుపు దగ్గరి నుంచి.

"దీపం ఆరంగనే ఈడికొచ్చిన. సందులకెల్లి గాలన్న వస్తదేమోనని. నువ్వు పిలుస్తవు గదా అని కూసున్న. కునుకు పట్టింది." ఆవలించింది. "ఇంకా ఆరున్నయి గద. తెచ్చియ్యాల్నా?"

చంద్రమ్మ చేతుల మధ్య ఉన్నది కదిలింది.

చేతులు వదిలేశాయి. కింద పడ్డ చప్పుడు రావాలి. రాలేదు. నేల తడిమింది. గడ్డి పోచలు. రెట్ట. ఒక ఈక... ఇంకేమీ లేదు. కుడి పక్క తడిమింది. గంప ఉంది. చెయ్యి లోపల పెట్టింది. ఖాళీ.

అప్పుడు అన్ని గంపల్లోంచి ఒకేసారి ఒక చప్పుడు వచ్చింది. పెద్దదేమీ కాదు. కళ్లు కుట్టిన పిట్టలన్నీ ఒక్కమారు అటు నుంచి ఇటు తిరిగిన చప్పుడు. తన వైపు కాదు.

తలుపు వైపు.

చంద్రమ్మ అరిచింది. దొరలు, వ్యాపారం, డేరాలు అన్నీ మరిచిపోయి అరిచింది. పాకుతూ తలుపు దగ్గరికి పోయి పిడికిళ్లతో బాదింది. తియ్యండి, మనుషులమున్నం లోపల అని గొంతు చించుకుంది. బయట బూట్ల చప్పుడు వినిపించింది. నలుగురైదుగురు. రాళ్ల మీద ఎక్కి వస్తున్నారు. దగ్గరయ్యారు. తలుపుకు బారెడు దూరంలో ఆగారు. తెలియని భాషలో ఎవరో ఏదో అన్నాడు. ఇంకొకడు నవ్వాడు, నవ్వు మధ్యలో తెగింది. ఒక తుపాకి గాలిలోకి పేలింది. తర్వాత బూట్లన్నీ పరుగెత్తుతూ దిగిపోయాయి.

దయ్యం ఏడుస్తుందని వాళ్లకు ముందే చెప్పి ఉంచాడు కదా వీరేశం.

చీకట్లో కూతురు దొరికింది. చంద్రమ్మ దాన్ని ఒళ్లోకి లాక్కొని ముఖమంతా తడిమింది. కళ్లు. రెప్పలు. తడి లేదు. దారం లేదు. నెత్తి మీద ముడి లేదు. పిల్ల "ఏమైందే, గట్ల వణుకుతున్నవు" అంటూ తల్లి మెడ చుట్టూ చెయ్యి వేసింది. గాజులు గలగలమన్నాయి. చంద్రమ్మ ఆ చప్పుడుకు ఏడ్చింది. దాని వీపు మీద చెయ్యి వేసి గట్టిగా అదుముకుంది. లోపల గుండె టకటకమని... ఎంత తొందరగా కొట్టుకుంటోంది. భయపడింది పాపం, అనుకుంది.

అలా ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. ఒక రాత్రంతా అనిపించింది ఆమెకు. రాత్రి గడిచి ఇంకో రాత్రి వచ్చినట్టు అనిపించింది.

తాళం తిరిగింది. ఎర్రటి వెలుగు లోపల పడింది.

తెల్లవారిందనుకుంది చంద్రమ్మ. కాదు. అది అదే రోజు సాయంత్రం. వీరేశం గడపలో నిలబడి, దయ్యం బాగా అరిచిందని, దొరలు హడలిపోయి ఇప్పుడు సంబరంగా అదే చెప్పుకుంటున్నారని, ఇట్లాగైతే రేపటి నుంచి అరవడానికి కూడా మనిషిని పెడతానని నవ్వుతున్నాడు. ఎడమ వైపు గంపలు తెరిచి చూశాడు. నాలుగు గంపలు. అరవై పిట్టలు. ఒక్కదాని కన్ను కూడా తెరిచి లేదు. ఆఖరు ఆరింటి కుట్టు మిగతావాటికంటే సన్నగా, ముద్దుగా ఉంది. చేతిపని అంటే ఇది చంద్రమ్మా, అన్నాడు.

ఆరింటి తర్వాత కుట్టినవి గంపల్లో లేవు. ఆమె వెతికింది. లేవు.

భూలక్ష్మి లేచి, పావడా దులుపుకొని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది.

కూలీలు గంపలు మోసుకొని గుట్ట కిందికి పోయారు. పొదలకు ఈ పక్క దొరలు వరసగా నిలబడి ఉన్నారు, తుపాకులు చేతుల్లో పట్టుకొని. పొదల వెనక, వాళ్లకు కనిపించని చోట చంద్రమ్మ గంప ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కుట్టిన చెయ్యే కోయాలి. చిన్న కత్తి తీసింది. మొదటి పిట్టను పట్టుకుంది. కత్తి మొన పిట్ట నెత్తి మీద నిలవలేదు, చెయ్యి అంతగా వణుకుతోంది. ఒకసారి ప్రయత్నించింది. రెండోసారి. పొద్దు కుంకుతోంది, అవతల దొరలు తొందరపడుతున్నారు. వీరేశం పళ్లు కొరికి, కోసేది లేదు గీసేది లేదు, బోర్లించుండ్రి అని కూలీలకు సైగ చేశాడు.

వద్దని చంద్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. కళ్లు కుట్టిన పిట్టను వదిలితే ఎటూ పోదు. నిట్టనిలువుగా ఆకాశంలోకి ఎగురుతుంది. రెక్కలు అలిసేదాకా ఎగిరి, రాయిలా కింద పడుతుంది. చిన్నప్పుడు ఒకసారి చూసింది ఆమె.

గంపలు బోర్లించారు. డబ్బాలు మోగాయి.

అరవై పిట్టలు లేచాయి. నిలువుగా లేవలేదు.

కౌజు గుంపు కట్టే పిట్ట కాదు. లేస్తే ఒకటీ రెండూ, అదీ పొద నుంచి పొదకు. ఆ సాయంత్రం అరవై పిట్టలూ ఒక్క గుడ్డ పరిచినట్టు మోకాలి ఎత్తున లేచి, మూసిన కళ్లతో తుపాకుల వైపే వచ్చాయి. దొరకూ దొరకూ మధ్య సందుల్లోంచి దూరాయి. ఒక్క రెక్క కూడా ఒక్క కాలికి తగల్లేదు. తుపాకులు పేలాయి. పిట్టలన్నీ ఒక్కసారే కుడికి వాలాయి. మళ్లీ పేలాయి. ఒక్కసారే ఎడమకు. గుండ్లు బండలకు తగిలి చిట్లాయి. ఒక్క ఈక రాలలేదు. గుంపు చెరువు మీదుగా తిరిగి, గుట్ట చుట్టూ ఒక్క చుట్టు వేసి, పడమటి వెలుగులో కలిసిపోయింది.

వీరేశం నోరు తెరుచుకొని ఆకాశం వైపు చూస్తున్నాడు. చంద్రమ్మ గుట్ట వైపు చూసింది.

అన్నిటికంటే ఎత్తైన బండ మీద భూలక్ష్మి నిలబడి ఉంది. ఎప్పుడు ఎక్కిందో ఎవరూ చూడలేదు. ఆ బండ ఎక్కడానికి మగవాళ్లకు కూడా తాడు కావాలి. పిల్ల చేతులు రెండూ వెనక్కి పెట్టుకొని, తల ఒక పక్కకు వంచి, పిట్టలు పోయిన దిక్కుకు చూస్తోంది. గుంపు కుడికి వాలినప్పుడు ఆ తల కుడికే వాలిందని, అప్పుడు కంటి కొసతో చూసింది చంద్రమ్మకు ఇప్పుడు గుర్తొచ్చింది.

పిలిచింది. మళ్లీ పిలిచింది.

పిల్ల దిగి వచ్చింది. తడబడకుండా, రాయి నుంచి రాయికి. తల్లి ముందు నిలబడింది. చంద్రమ్మ ఒక చేత్తో కత్తి పట్టుకొనే, ఇంకో చేత్తో దాని నుదురు, పాపిట, చెవుల వెనక, నెత్తి మీద అంతా వేళ్లు పెట్టి వెతికింది. కుట్టిన చెయ్యే కోయాలి. ఆ చెయ్యి ఇక్కడే ఉంది. ఇప్పుడు వణకడం లేదు కూడా. ఒక్క ముడి దొరికితే చాలు. ఒక్క పోగు.

"ఏం ఎతుకుతున్నవే అవ్వా?"

అదే గొంతు. అదే నవ్వు. తల మాత్రం ఎదురుగా తిప్పలేదు. పక్కకు తిరిగి ఒక్క కంటితో తల్లిని చూస్తోంది.

"ఏం లేదు బిడ్డా" అంది చంద్రమ్మ. "నా దిక్కు జర తిరుగు."

భూలక్ష్మి తిరిగింది. గుట్టల అంచున ఆగిన సూర్యుడు సూటిగా దాని ముఖం మీద పడ్డాడు. ఆ వెలుగుకు పిల్ల కళ్లు ఒకసారి మూసి తెరిచింది.

పై రెప్ప కదలలేదు.